పిక్క కొలతల నోట్‌బుక్కు

రెండువేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడాది నేను చచ్చిపోతానని తేలిపోయింది. తేల్చింది ఏ డాక్టరో కాదు, నేనే.

వైట్ టౌన్‌లో మా ఆఫీసు. మధ్యాహ్నం భోజనం చేసి ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. ఎడమ పిక్కలో కండ టపటపా కొట్టుకుంది. ప్యాంటు పైకి లాగి చూశాను. చర్మం కింద చిన్న చేపపిల్ల కదిలినట్టు అదురుతోంది. మర్నాడు బొటనవేలు, ఆ మర్నాడు కనురెప్ప. బుద్ధున్న మనిషి గోక్కుని ఊరుకుంటాడు. నేను సైకిలెక్కి బ్రౌజింగ్ సెంటర్‌కు పోయాను.

ఏఎల్ఎస్ అనే జబ్బు పేరు అక్కడే మొదటిసారి చదివాను. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట. ముందు చెయ్యో కాలో, తర్వాత మాట, తర్వాత మింగడం, ఆఖరికి ఊపిరి. బుద్ధి మాత్రం చాలామందికి చివరిదాకా చక్కగా పనిచేస్తుందట. ఆ సంగతి చదివి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. నా విషయంలో ఆ చక్కగా పనిచేసే బుద్ధి మొదటినుంచే లేదని అప్పుడు తట్టలేదు. కండలు అదరడం ఎంతోమందికి ఉత్తినే వస్తుందనీ, దానంతటదే పోతుందనీ అదే పేజీలో పైన రాసుంది. అది ఎవరో మామూలు మనుషుల కోసం రాసిందనుకుని దాటేశాను.

ఆ సాయంత్రం నుంచి నా శరీరాన్ని నేనే తనిఖీ చెయ్యడం మొదలుపెట్టాను. మేము కురుచికుప్పంలో మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. పైన డాబా మాదే. అక్కడ మునివేళ్ళ మీద నలభై అంగలు, మడమల మీద నలభై అంగలు. కింద వలలు బాగుచేసుకునే మనిషి ఒకాయన రోజూ తలెత్తి చూసేవాడు. ఏదో మొక్కు అనుకున్నాడు కాబోలు, ఒకరోజు నాకు దణ్ణం కూడా పెట్టాడు.

పిక్కలు కొలవడానికి టేపు కావాలి. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆమె మిషను మీది టేపు తీసి నా ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

"టేపు యాడ పెట్టినారు?" అంది.

"కిటికీలు కొలుస్తున్నాను. కర్టెన్లు కొందాం" అన్నాను.

కర్టెన్లనగానే ఆమె మొహం వెలిగిపోయింది. మూడు వారాల పాటు నేను కిటికీలు కొలుస్తూనే ఉన్నాను. ఈలోపు ఆమె దారంతో కొలిచి కుట్టిన జాకెట్టు ఒకటి బిగుతైపోయి వెనక్కి వచ్చింది.

ఆమెకు చెప్పకపోవడానికి కారణం ఉంది. చావుకన్నా దానికే ఎక్కువ భయపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఈ సంగతి తెలిస్తే నన్ను వదిలేసి పుట్టింటికి పోతుందని నా భయం. పెళ్ళయి రెండేళ్ళు. పిల్లల్లేరు. పుట్టిల్లు అరియాంకుప్పం, ఏరు దాటితే వచ్చేస్తుంది. నా భయానికి ఆమె ఇచ్చిన కారణం ఒక్కటంటే ఒక్కటీ లేదు. అన్నీ నేనే సమకూర్చుకున్నాను.

నరాల డాక్టరు దగ్గరికి కూడా దొంగచాటుగానే పోయాను. ఆయన నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, వేళ్ళు బిగించమన్నాడు, నాలుక చాపమన్నాడు. "ఏమీ లేదు. కాఫీ తగ్గించండి, సరిగ్గా నిద్రపోండి, ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడం మానండి" అన్నాడు. మధ్యలో ఒకసారి గోడగడియారం వంక చూశాడు. అది చాలు నాకు. నా టైము దగ్గర పడిందని ఆయనకు తెలుసు, జాలిపడి దాస్తున్నాడు! ఆయన గది బయట ఇంకో ఇరవై మంది కూర్చునున్నారని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక నోట్‌బుక్కు సంగతి. రోజూ కొలతలూ లక్షణాలూ అందులో రాసేవాణ్ణి. దాన్ని బీరువాలో దాచలేదు, పరుపు కింద పెట్టలేదు. బల్లమీద బార్లా తెరిచి వదిలేసేవాణ్ణి. ఎందుకంటే అది తెలుగులో ఉంది. నేను యానాం నుంచి ఈ తమిళ ఊరికి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. మా ఆవిడ వాళ్ళు ఎన్ని తరాల కిందటో ఇక్కడికొచ్చి భూములు చేసుకుంటున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదువంతా తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మూడు తాళాలు వేసిన పెట్టెకన్నా నా లిపి భద్రమని మురిసిపోయాను.

అయితే ఆ ఇంట్లో ఓ అలవాటుంది, అది నాకు బాగా తెలుసు. తెలుగులో అచ్చయిన పెళ్ళిపత్రిక వచ్చినా, ఉత్తరం వచ్చినా మా అత్తగారు జాగ్రత్తగా దాచేది. యానాం నుంచో ఆంధ్రా నుంచో వచ్చినవాడు ఎవడు గడప తొక్కినా సరే, కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, పైకి చదివించేది. ఒక్క ముక్క వదలకూడదు. అడుగున ప్రెస్సు పేరు దాకా చదవాలి. అసలు నేను వాళ్ళ కంట్లో పడిందే అలా ఒక పత్రిక చదివి వినిపించిన రోజున. ఇంత తెలిసీ నోట్‌బుక్కు బల్లమీద వదిలేశాను. ఏమనాలి నన్ను!

"ఏంది, దినమూ రాస్తా ఉండారు?" అని ఆమె అడగనే అడిగింది.

"ఆఫీసు పని."

"మీ ఆఫీసులో తెలుగు ఎవురు చదవతారు?"

"యానాం ఫైలొకటి వచ్చింది" అన్నాను. ఆమె మళ్ళీ మిషను తొక్కుకోసాగింది. చెవిలో పువ్వు పెట్టేశానని సంబరపడ్డాను.

ఒక ఆదివారం అత్తగారు మునగాకు పట్టుకుని అరియాంకుప్పం నుంచి వచ్చింది. అదే పూట మా సూపరింటెండెంటు, ఆయనదీ యానామే, ఏదో సంతకం కావాలని వచ్చాడు. సంతకం పెట్టిచ్చి, ఆయన కాఫీ తాగేలోపు ఒకసారి కొలుచుకొద్దామని డాబా ఎక్కాను. కొలుచుకుని కిందికి దిగుతుంటే గదిలోంచి సూపరింటెండెంటు గొంతు వినపడింది.

"ఆదివారం. ఎడమ పిక్క పదమూడుంపావు అంగుళాలు. కుడి పిక్క పదమూడున్నర. మొదలైంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్టుమీదే నిలబడిపోయాను.

"బుధవారం. మునివేళ్ళ మీద ముప్పై ఎనిమిదో అంగలో తూలాను. బక్కెట్టు తగిలింది. బక్కెట్టు లేకపోయినా తూలేవాణ్ణా?" ఆయన ఆగాడు. "ఏంటమ్మా ఇది? ఇది ఆఫీసు ఫైలు కాదు. మీవారి సొంత రాతలు. నేను చదవకూడదండీ."

"ఒక్క ముక్క వదలొద్దు సార్" అంది అత్తగారు.

"శుక్రవారం. సూపరింటెండెంటు రెండుసార్లు 'ఏంటన్నావు' అని అడిగాడు. నా నాలుక మొద్దుబారుతోంది. ఆయనకు చెవుడేమో కూడా చూడాలి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు చెవుడా? ఎప్పుడయ్యా?"

లోపలికి ఒక్క దూకు దూకి లాక్కుని ఉండొచ్చు. కానీ కాళ్ళు రాలేదు. ఏఎల్ఎస్ కాదది, సిగ్గు. తర్వాతి పేజీలో ఏముందో నాకు తెలుసు. ఆయన అదీ చదివేశాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు.

"మంచాన పడితే ఆమె మూడు నెలలు కూడా ఉండదు. తల్లి వచ్చి బస్సెక్కించి తీసుకుపోతుంది. రెండేళ్ళ కాపురానికి ఎవరు మాత్రం ఎత్తిపోస్తారు?"

 వీధిలో ఐసుబండి గంట వినపడింది.

"ఆ కడాపటిది ఇంకోతూరి చదవండి సార్" అంది మా ఆవిడ.

ఆయన చదవలేదు. కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి లేచాడు. గుమ్మంలో నన్ను చూసి, "రేపు ఆఫీసుకి రావద్దులే, సెలవు పెట్టుకో" అని దిగిపోయాడు. మా ఆవిడ నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"టేపు ఇయ్యండి."

ఇచ్చాను. మడతపెట్టి పర్సులో పెట్టుకుంది. చీర మార్చుకోలేదు, సంచి సర్దుకోలేదు. తల్లిని లెమ్మంది. ఇద్దరూ మెట్లు దిగారు. నాకు నోట మాట రాలేదు. మాట పడిపోవడమూ ఆ జబ్బు లక్షణమే, అయినా దాన్ని నోట్‌బుక్కులో రాసుకోవాలని మాత్రం తట్టలేదు.

రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాను. తర్వాత పరుగు మొదలుపెట్టాను. చెప్పులు కూడా వేసుకోలేదు. వలలాయన లేచి నిలబడ్డాడు. సందు దాటి, చేపల బుట్టలు దాటి, మెయిన్ రోడ్డెక్కేసరికి బస్సు కదిలింది. దాని వెనక పరిగెత్తాను. ఎంత దూరమో తెలీదు. కండక్టరు విజిల్ వేస్తుంటే కమ్మీ పట్టుకుని ఫుట్‌బోర్డు మీదికి ఎగిరాను.

అత్తగారు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం మాప్పిళ్ళ, కాళ్ళు పడిపోతా ఉండాయని సారు చదివినారే! బస్సునే పట్టేసినారే!" అల్లుణ్ణి మాప్పిళ్ళ అనడం అక్కడి మర్యాద. ఆ పూట అందులో మర్యాదేమీ లేదు. బస్సులో నలుగురు నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు.

"దిగు, ఇంటికి పోదాం" అన్నాను రొప్పుతూ. "తప్పయిపోయింది. డాక్టరు కూడా ఏమీ లేదన్నాడు. నాకు ఏ జబ్బూ లేదు."

కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. బస్సు ఏటి వంతెన ఎక్కాక నా వైపు తిరిగింది.

"మీకు నిజంగా ఆ జబ్బు వచ్చింటే నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. ఏమీ లేదు గదా? అందుకే పోతా ఉండాను."

  వంతెన దాటగానే దిగి, కాలుతున్న తారురోడ్డు మీద ఉత్తకాళ్ళతో వెనక్కి నడిచాను. ఎడమ పిక్క దారిపొడుగునా అదురుతూనే ఉంది.

పన్నెండు రోజులకు ఆమె తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, నేను అడిగే ధైర్యం చెయ్యలేదు. వస్తూనే పర్సులోంచి టేపు తీసి, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా కిటికీలు కొలిచింది. ఆ పన్నెండు రోజుల్లో నేను ఒక్కసారి కూడా పిక్క కొలుచుకోలేదు. బుద్ధొచ్చి కాదు. టేపు ఆమె దగ్గరుంది.