మగ్గం గుంటలో ఇంజనాయిల్

జగిత్యాలలో పర్శరాములు అనుమానం సంగతి తెలియనివాళ్ళు తక్కువ. పాలవాడు చెంబులో పాలు పోస్తే ఒక చుక్క గోటి మీద వేసుకుని, నిలుస్తుందా జారుతుందా అని చూసేవాడు. మగ్గం నేస్తూ చేనేత సంఘం నుంచి నూలు తెచ్చుకునే రోజుల్లో కట్ట విప్పి, నడిమి పోగు ఒకటి పళ్ళ మధ్య పెట్టి లాగి చూస్తే గానీ ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. చెడ్డవాడు కాదు. ఒకరి వస్తువు ముట్టేవాడు కాదు. కాకపోతే లోకంలో ప్రతి మనిషీ తనను ఏదో ఒక మూల మోసం చేస్తూనే ఉన్నాడని, అది ఏ మూలో కనిపెట్టడమే తన పని అని నమ్మేవాడు.

అలాంటివాడు నలభై ఏళ్ళ వయసులో మగ్గం అమ్మేసి పాత కారు కొన్నాడు. నేత చీరలకు గిరాకీ పడిపోయింది. కొండగట్టుకు మొక్కులు తీర్చుకోవడానికి పోయేవాళ్ళు మాత్రం ఏటికేడు పెరుగుతున్నారు. వాళ్ళను తీసుకుపోయి తీసుకురావడమే ఇక తన బతుకనుకున్నాడు. మగ్గం ఉండిన పెంకుల సాయబానుకు ముందు గోడ తీయించి, దాన్నే కారుకు షెడ్డు చేశాడు. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట మీద చెక్కలు పరిచాడు. ఆ గుంట పూడ్చమని భార్య కనకవ్వ ఎన్నిసార్లు పోరినా వినలేదు. మళ్ళీ మగ్గం మీద కూచునే రోజు వస్తే ఎట్లా అని ఆయన భయం. కారును కూడా ఆయన పూర్తిగా నమ్మలేదన్నమాట.

ఆ కారుకు మిస్త్రీ షరీఫ్. బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. నిజాం కాలం నుంచి మోటార్లు విప్పి బిగిస్తున్న మనిషి. చేసిన పని గురించి నోరు తెరిచి చెప్పే అలవాటు లేదు. పర్శరాములుకు మింగుడుపడనిది అదే.

ఆయిల్ మార్చే రోజు షరీఫ్ ముందుగా కారెక్కి ధర్మపురి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. పెట్రోలు తనది, షికారు ఆయనదా అని పర్శరాములుకు మండేది. తిరిగొచ్చాక కారును తన షెడ్డులోని గుంట మీద నిలిపి, జర చాయ్ తాగి రమ్మని పర్శరాములును పంపించేవాడు. ఆయన వచ్చేసరికి పని సగం దాటి ఉండేది. మర్నాడు ఇంటి దగ్గర ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీసి చూస్తే, పుల్ల చివర నలుపు. నిన్న డబ్బాలో తేనె రంగులో ఉన్న నూనె ఒక్క రోజులో బొగ్గు రంగుకు ఎట్లా వస్తుంది? మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అంతే. కొత్త నూనె దాచుకుని, పాతదే తిరిగి ఇంజన్లో పోస్తున్నాడని తేల్చుకున్నాడు.

తేల్చుకున్నది కడుపులో పెట్టుకున్నా బాగుండేది. వెంకటి చాయ్ హోటల్లో నలుగురు డ్రైవర్ల ముందు బయటపెట్టాడు.

"కొత్త నూనె ఎవరింట్ల దీపమై వెలుగుతుందో గానీ, నా ఇంజన్ల మాత్రం పాతదే తిరుగుతుంది."

పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. వారం తిరక్కుండా ఇద్దరు డ్రైవర్లు తమ బండ్లను ఇంకో షెడ్డుకు తోలుకుపోయారు.

ఒకనాడు షరీఫ్ రోడ్డు మీద చెయ్యెత్తి కారు ఆపాడు. కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు.

"పర్శరాములూ, నా పేరు చెప్పినవా?"

"నేను ఎవ్వరి పేరు చెప్పలే."

"పేరు పెట్టి తిట్టినా బాగుండు. జవాబన్న చెప్పుకుందును," అని షరీఫ్ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఆ మాట పర్శరాములును రెండు రోజులు గీకింది. మూడోనాటికి, దొంగ కాకపోతే అంత నిమ్మళంగా ఎట్లా మాట్లాడతాడు అనిపించింది. రుజువు కావాలి. తన ఇంట్లో, తన చేత్తో, ఇంకొకరి వేలు పడకుండా ఆయిల్ మార్చి చూడాలి. అది తేనె రంగులోనే నిలిస్తే షరీఫ్ దొంగ. నిలవకపోతే ఒక మనిషి ముప్పై ఏళ్ళుగా సంపాదించుకున్న పేరును తాను బురదలో తొక్కినట్టు. ఈ రెండోది ఆయన తలలోకి రాలేదు.

జగిత్యాల దుకాణాల్లో అందరూ షరీఫ్‌ను ఎరిగినవాళ్ళే కాబట్టి, బస్సెక్కి కరీంనగర్ పోయి సీలు చెదరని డబ్బా, ఒక పానా కొన్నాడు. తిరిగి వచ్చేంతవరకూ డబ్బాను ఒడిలోంచి దించలేదు.

మర్నాడు తెల్లవారగానే, చలికి కారు మంచుగడ్డలా ఉండగానే, సాయబానుకు తడిక అడ్డం పెట్టాడు. చెక్కలు తీసి గుంటలోకి దిగాడు. పదిహేనేళ్ళు కాళ్ళు వేలాడేసుకుని కూచున్న గుంట. పడుగు ఉండాల్సిన చోట ఇప్పుడు నెత్తి మీద ఇనుము. మెడ పక్కకు వంచి వెతికితే, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబరు, దాని కింద బోల్టు కనిపించాయి. పానా పెట్టి తిప్పాడు. కదల్లేదు. బలం కొద్దీ తిప్పాడు. ఇంకా బిగిసింది. తాను తప్ప ఎవరూ విప్పకుండా షరీఫ్ ఇట్లా బిగించి పెట్టాడని పళ్ళు నూరాడు.

తడిక సందులోంచి చూస్తున్న కనకవ్వ, "అటు రాకపోతే ఇటు తిప్పరాదు," అన్నది.

ఇటు తిప్పాడు. బోల్టు ఊడి చేతిలో పడింది. నల్లటి నూనె అరచేతి నుంచి మోచేతి దాకా పాకింది. కింద పెట్టిన బకెట్టులోకి బెల్లంపాకంలా బద్ధకంగా దిగింది. ధార సన్నబడి, దారమై, ఆగినట్టయింది. వాడకట్టు లేచేలోపు పని తెమలాలని వెంటనే బోల్టు బిగించాడు. పైకొచ్చి డబ్బా సీలు తన చేత్తోనే తెంపి, ఇంజన్ మూత తీసి పోశాడు. పుల్ల తుడిచి ముంచి తీశాడు. దాన్ని కనకవ్వ ముఖం దగ్గర పెట్టాడు.

"చూడు. తేనె తీరుగ లేదా? ఇగ ఎవడు దొంగనో తెలుస్తది."

కనకవ్వ చూసింది. పెరట్లోకి పోయింది.

ఆ రోజే మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని కొండగట్టుకు తీసుకుపోయాడు. ఎప్పుడు పోయినా స్వామికి దండం పెట్టుకునేవాడు. ఈసారి లోపలికి పోలేదు. బానెట్ మీద చెయ్యి వేసి కావలి నిలబడ్డాడు. కొబ్బరికాయలమ్మే ముసలామె కారు నీడకు కూచోబోతే అవతలికి పొమ్మన్నాడు. నడి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఇంట్లో ఇంత తిని, పుల్ల బయటికి లాగాడు.

నల్లగా ఉంది.

తుడిచి మళ్ళీ ముంచాడు. నలుపే. వేళ్ళ మధ్య రుద్ది చూశాడు, వాసన చూశాడు. ముందుగా కరీంనగర్ దుకాణదారుడు మెదిలాడు. కానీ పొద్దున తేనె రంగు తన కళ్ళతోనే చూశాడు కదా. ముసలామెను తలచుకున్నాడు. ఆమె దగ్గర కొబ్బరికాయలు తప్ప ఏమీ లేవు. మిగిలింది ఇల్లు. తాను బువ్వ తింటున్నంతసేపూ కారు ఒంటరిగా ఉంది.

పెరట్లోకి పోయాడు. మగ్గం పోయినా కనకవ్వ రంగు పని మానలేదు. సేట్ల నూలు తెచ్చుకుని ఇంట్లోనే అద్ది ఇచ్చేది. పొయ్యి మీద బానలో రంగు కాగుతున్నది.

"నేను తింటుంటే షరీఫ్ గిట్ల వచ్చిండా?" అని అడిగాడు.

"వచ్చిండు. నూనె అంత జేబుల పోసుకొని పోయిండు."

ఆయన నవ్వలేదు. చేతిలోని పుల్లను ఆమె ముందు పెట్టాడు. కనకవ్వ దాన్ని చూసి, ఆయన ముఖం చూసి, నూలు కలియబెడుతున్న కర్ర పక్కన పెట్టింది.

"నీలం కాచిన బాన చల్లారినంక వంపి, దాంట్లనే పసుపు రంగు పోస్తె, అది పసుపు లెక్క ఉంటదా? అడుగున పట్టిందంత కొత్త రంగుల కలుస్తది. వేడి మీద వంపితెనే అడుగు కదులుతది. సాలోళ్ళ ఇంట్ల పుట్టి గిది నాతోని చెప్పించుకుంటున్నవా?"

పర్శరాములు బాన వైపు చూస్తూ నిలబడిపోయాడు. చిన్నప్పటి నుంచి తన చేతులతో వంపిన బానలు ఎన్నో. పాత ఇంజన్‌కు ఏళ్ళ తరబడి మసి పట్టి ఉంది. కొత్త నూనె ఆ మసిని కడిగి తనలోకి తీసుకుంటే నల్లబడక ఏమవుతుంది? షరీఫ్ ధర్మపురి రోడ్డు మీద తిరిగింది నూనె కాగడానికి. చాయ్ తాగి రమ్మన్నది ఆఖరు చుక్క దాకా కారనివ్వడానికి. తాను చలి పొద్దున, చల్లని బాన వంపినట్టు వంపి, సగం మురికి లోపలే ఉంచి మూత పెట్టాడు. పైగా కొండగట్టు దాకా పోయి దానికి కావలి కాశాడు.

మర్నాడు రేకుల షెడ్డుకు పోయాడు. షరీఫ్ కిరసనాయిల్లో సామాన్లు కడుగుతున్నాడు. పర్శరాములు జరిగింది చెప్పాడు. గుంట సంగతి, చల్లటి నూనె సంగతి, తన భార్య ఏమన్నదీ చెప్పాడు. చివరకు తప్పయిందన్నాడు. షరీఫ్ తలెత్తకుండానే విన్నాడు.

"నాకు చెప్తె ఏమొస్తది, భాయ్? మాట ఎక్కడ పారేసినవో అక్కడ పోయి ఏరుకో."

అది చెప్పినంత సులువు కాలేదు. మొదటి రోజు వెంకటి హోటల్లో చాయ్ తాగి, నోరు పెగలక తిరిగొచ్చాడు. రెండోనాడు గ్లాసు కింద పెట్టి, అందరికీ వినిపించేటట్టు చెప్పాడు. నా చేత్తోనే నేను మార్చుకున్నా, ఒక్క పూటకే నల్లబడ్డది, షరీఫ్ భాయ్ దాంట్లో పాపం లేదు అన్నాడు. గ్లాసులు కడుగుతున్న వెంకటి, "అయితె దీపం నీ ఇంట్లనే వెలిగిందే," అన్నాడు. నవ్వులు లేచాయి. పర్శరాములు తల వంచుకుని ఆ నవ్వులన్నీ అయ్యేదాకా కూచున్నాడు. పోయిన ఇద్దరు డ్రైవర్లలో ఒకడు ఆ వారమే షరీఫ్ దగ్గరికి మళ్ళాడు. రెండోవాడు మళ్ళలేదు. పర్శరాములు వాడి ఇంటికి పోయి చెప్పినా మళ్ళలేదు.

లోపల మిగిలిన మురికి పోవాలంటే వేడి మీద ఇంకోసారి మార్చాల్సిందే అన్నాడు షరీఫ్. ఈసారి ధర్మపురి రోడ్డు మీద తిరిగొచ్చింది పర్శరాములు. షరీఫ్ పానా ఆయన చేతికే ఇచ్చి తన షెడ్డు గుంటలోకి దిగమన్నాడు. బోల్టు తీయగానే నూనె నీళ్ళలా దుమికింది. తరువాత చుక్కలు. షరీఫ్ గుంట అంచున కూచుని బీడీ కాల్చుకున్నాడు. తొందరపడలేదు. ఆఖరు చుక్క పడి చాలాసేపయ్యాక బోల్టు బిగించమన్నాడు. పాత నూనె బకెట్టు పైకి అందుకున్నాడు.

ఇప్పుడు కొత్త డబ్బా పైనే ఉంది, పాత బకెట్టు పైనే ఉంది. గుంటలో ఉన్న మనిషికి షరీఫ్ చెప్పుల జత తప్ప ఏమీ కనిపించదు. ఇంజన్ మూత తీసిన చప్పుడు వినబడింది. పర్శరాములు మెడ దానంతటదే పైకి తిరగబోయింది.

షరీఫ్ ఒక్క క్షణం ఆగాడు. "పైకొచ్చి చూస్కో," అన్నాడు.

పర్శరాములు గుంట అంచు మీద చెయ్యి వేశాడు. మళ్ళీ తీసేసుకున్నాడు.

"నువ్వు పొయ్యి, భాయ్."

పైన నూనె గుడగుడమంటూ దిగడం మొదలైంది. ఏ నూనె అన్నది చప్పుడును బట్టి తెలియదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆయన గుంటలోనే కూచున్నాడు.