సోడా నీళ్లు తాగిన తోట

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధి చివర నేతగాళ్ల కోసం కట్టిన మగ్గాల హాలు ఒకటి ఉండేది. అలాంటి కట్టడం మా వైపు అంతకుముందు ఎవరూ చూడలేదు. పైన చదునైన కాంక్రీటు కప్పు, చుట్టూ బొక్కలు బొక్కలుగా పోసిన సిమెంటు గోడలు, నడుమ కప్పు లేని చోట తోట. కట్టిన ఇంజనీరు నక్షాలో గోడలతోపాటే చెట్లనూ గీశాడట. కానుగ, వేప, వాటి నీడన అరటి. గాలి ఆ ఆకుల మీదుగా చల్లబడి మగ్గాల మీదికి వచ్చేది. పట్టు పోగుకు ఆ చెమ్మ కావాలి. ఎండుగాలి తగిలితే తెగుతుంది.

మా నాయన ఆ హాల్లోనే నేసేవాడు. తోటకు నీళ్లు పోసే పని మా అవ్వది.

డెబ్బైల కరువులో బావి అడుగంటింది. బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు. అవ్వ మేము స్నానం చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు మోసి చెట్లను నిలబెడుతూ వచ్చింది. అంతలో రాయదుర్గంలో మా చిన్నత్తకు కాన్పయితే అక్కడికి వెళ్లాల్సి వచ్చింది.

తోట వాడిపోతుంటే నేతగాళ్లు చూస్తూ ఊరుకోలేకపోయారు. పట్టు జిగురు వదలడానికి సోడా, సబ్బు వేసి ఉడకబెడతారు. ఆ నీళ్లు పారబోయకుండా, చల్లారాక చెట్ల మొదళ్లలో పోశారు. నాయన కూడా మోశాడు. ఎండలో కడవలు మోస్తున్నా అందరి ముఖాల్లో ఏదో తృప్తి కనిపించేది.

అవ్వ తిరిగి వచ్చేసరికి ఆకుల అంచులు కాలినట్టు నల్లబడి ఉన్నాయి.

"యాటి నీళ్లు పోసినారప్పా?"

"పట్టు ఉడకబెట్టిన నీళ్లేమ్మా" అన్నాడు నాయన. "మంచినీళ్లు యాడ తెచ్చేది?"

అవ్వ తిట్టలేదు. కానుగ మొదలు దగ్గర తెల్లగా పొర కట్టిన మట్టిని వేలితో గీరి నా నాలిక మీద పెట్టింది. మండింది. ఉమ్మేశాను.

"నువ్వు ఉమ్మేసినావు. అది ఉమ్మలేదు గదా" అంది. వేలు కొంగుకు తుడుచుకుని, "మంచికే పోసినారు పాపా. మంచికి పోసినారని చెట్టుకెట్ల తెలుస్తాది?" అంది.

తెల్లమట్టి తవ్వి గంపలతో బయట పోశాం. మిగిలిన విషాన్ని కడగాలంటే నీళ్లు కావాలి. నీళ్లే లేవు. అరటి పోయింది. తర్వాత వేప, చివరికి కానుగ.

చల్లగాలి తెచ్చిన బొక్కలే వేడినీ దుమ్మునూ తేసాగాయి. పోగులు తెగేవి, అతికేవాళ్లు, మళ్లీ తెగేవి. బొక్కలకు ఇటుకలు పెట్టి మూస్తే లోపల చీకటయింది. ఒక్కొక్కరే మగ్గం విప్పుకుని వెళ్లిపోయారు. మా ఇంట్లో మగ్గానికి చోటు లేదు. నాయన చనిపోయేదాకా పరాయి మగ్గం మీద కూలికే నేశాడు.

ఈమధ్య ఆ హాలు అరుదైన కట్టడమని, దాన్ని కాపాడతామని ఎవరో వచ్చారు. ఇటుకలు తీయించి, గోడలకు రంగు వేయించి, తోట ఉన్నచోట తాడిపత్రి బండలు పరిపించారు. చూడడానికి ముచ్చటగా ఉంది. మధ్యాహ్నం లోపల నిలబడలేం.

"చెట్లు యాడ పెడతారప్పా?" అని వాళ్లను అడిగాను.

"హాలు నిలబడింది గదమ్మా" అన్నారు. వాళ్లూ మంచికే చేశారు.

ఇప్పటికీ ఏ మొక్కకు నీళ్లు పోయాలన్నా ముందు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటాను. ఆ బండల మీద నిలబడితే మాత్రం, వేలు ముంచకుండానే నాలిక మండుతుంది.