ఆఖరి స్వరం ఊదని పెద్దమ్మ

మా పెద్దమ్మ ఏ పాటా పూర్తిగా ఊదేది కాదు. సరిగ్గా చివరి స్వరం దగ్గర ఆగి, రేకు పిల్లనగోవిని ఒళ్ళో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. విన్నవాళ్ళ గతి ఏమిటంటారా? వచ్చిన తుమ్ము ముక్కు చివరిదాకా వచ్చి వెనక్కి పోతే ఎలా ఉంటుంది? మా వీధి వీధంతా రోజూ సాయంత్రం అలాగే ఉండేది.

నేను చదువుకోసం వాళ్ళింట్లో ఉన్న రోజులవి. పెద్దమ్మది తెరలు కుట్టే పని. ఇంటినిండా తెరలు, తెరల సందుల్లో పిల్లనగోవులు. జానెడువి, మూరెడువి, ఇత్తడివి, తగరపు రేకు చుట్టి అతికించినవి, మూతి దగ్గర నీలం ప్లాస్టిక్ ఉన్నవి, చెక్కముక్క బిగించినవి. దారపు రీళ్ళ డబ్బాలో కొన్ని, గొడుగుల బుట్టలో కొన్ని. వంటింటి కిటికీకి తెర కడ్డీ విరిగిపోతే మూరెడు పిల్లనగోవి దూర్చి ఊరుకుంది. గాలి గట్టిగా వీచిన రోజు ఆ తెర దానంతటదే సన్నగా పాడుకునేది.

"ఇన్ని పీకలెందుకే నీకు?" అనేవాడు పెదనాన్న.

"పీకలు కావు, పిల్లనగోవులు."

"కన్నాలు పెట్టిన రేకు గొట్టాన్ని ఏ పేరుతో పిలిస్తే ఏం?"

"కళ్ళజోడన్నా రెండు అద్దాలే కదండీ. మరి మీ దుకాణం నిండా అన్నెందుకు?"

పెదనాన్నకి కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. ఆ మాట రాగానే ఆయన చెప్పులేసుకుని అక్కడికి బయల్దేరేవాడు.

రేకు పిల్లనగోవికి చలి పడదు. చల్లగా ఉంటే శ్రుతి దిగిపోతుంది. అందుకని ఊదబోయే ముందు పెద్దమ్మ దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేది. పెట్టుకున్న సంగతి మరిచిపోయి ఇల్లంతా వెతికేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత లోకానికి ఎలా పుట్టిందో గానీ, మా ఇంట్లో మాత్రం రోజూ కళ్ళెదుటే పుట్టేది. పైగా నోటి తడి చేరితే దాని గొంతు పూడుకుపోతుంది. అలా కాకుండా మూతి సందులో చుక్క సబ్బునీళ్ళు వేసి ఆరబెట్టేది. ఆ సబ్బునీళ్ళ గ్లాసు ఒకనాడు పెదనాన్న మంచినీళ్ళనుకుని ఎత్తి తాగాడు. ఆ పూటంతా ఆయన కోపం బుడగలుగా వచ్చింది.

కానీ సాయంత్రమైతే ఆ ఇంటి అందమే వేరు. వేలాడదీసిన తెరల్లోంచి వాలుపొద్దు పడి గదంతా ఒకసారి పసుపుగా, ఒకసారి నీలంగా మారేది. పెద్దమ్మ కుట్టుమిషను పక్కకి జరిపి, కళ్ళు సగం మూసి ఊదేది. సైకిళ్ళు నెమ్మదించేవి. ఆరేసిన బట్టలు తీస్తున్నవాళ్ళు తీయడం మరిచి నిలబడేవాళ్ళు. నాకు చేతిలో పుస్తకం ఉండేది గానీ అందులో ఏముందో తెలిసేది కాదు. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో చల్లని చోట కూర్చున్నట్టుండేది. అలా తేలుతూ తేలుతూ పోతుంటే, టక్కున ఆగిపోయేది పాట!

కింద సెలూన్ అతను ఒకరోజు మెట్లెక్కి వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, మీ పాట ఆగితే నా కత్తి కూడా ఆగిపోతోంది. మొన్నొకాయన సగం మీసంతో ఇంటికెళ్ళాడు."

"పాపం! మరి రెండో సగం?"

"మీరు పాట పూర్తిచేస్తే తీస్తానని చెప్పానమ్మా."

అందరికంటే ఎక్కువ నలిగింది పెదనాన్నే. ఆయన దుకాణంలో కుర్చీ ఎక్కిన మనిషి, చార్టులో ఆఖరి వరుస చదివేదాకా కిందికి దిగడానికి వీల్లేదు. కనబడదు మొర్రో అన్నా వదిలేవాడు కాదు. అటువంటి మనిషికి ఇంట్లో ఇది. నోటి దాకా తెచ్చిన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. మంచమెక్కి అటు దొర్లి, ఇటు దొర్లి, చివరికి లేచి కూర్చునేవాడు. చిక్కి సగమయ్యాడు. ఒక పొద్దున ఇంక తట్టుకోలేక తేల్చి చెప్పేశాడు.

"ఇవాళ సాయంత్రం ఒక్కటంటే ఒక్క పాట చివరికంటా ఊదు. ఊదావా, సరే. లేదా, రేపు నీ పీకలన్నీ అటకెక్కుతాయి. నిచ్చెన నేనే తెస్తాను."

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కించలేక పక్కన పెట్టేసింది. ఆయన దుకాణానికి వెళ్ళగానే నేను పక్కన చేరాను.

"పోనీ ఊదెయ్యకూడదూ పెద్దమ్మా? ఒక్క స్వరమేగా!"

"అది నాది కాదే పిల్లా."

"నీది కాకపోతే ఎవరిదీ?"

పెద్దమ్మ ఎదురింటి కిటికీ వైపు గడ్డంతో చూపించింది. దానికి ఎప్పుడూ సగం తెర వేసే ఉండేది. ఆ తెర వెనక ఉండేది కండక్టర్ గారు. బస్సులో ఆయన ఒక్క కేక పెడితే వెనక సీటులో గుర్రుపెడుతున్నవాడు కూడా లేచి దిగాల్సిన చోటే దిగేవాడట. ఆమధ్య పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కోలుకున్నాయి గానీ మాట తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆయన మనుషుల మధ్యకి రావడం మానేశాడు.

"ఒకరోజు నేనూదుతుంటే చివర్లో తడి చేరి దీని గొంతు పూడుకుపోయిందే. విదిలించుకుంటూ కూర్చున్నాను. ఈలోగా ఆ తెర వెనకనుంచి సన్నగా 'ఊఁ' అని వినబడింది. సరిగ్గా ఆ స్వరమే! మర్నాడు వాళ్ళావిడ వచ్చి నా చేతులు వదల్లేదు. ఆయన గొంతు విని నెలలైందట. అప్పటినుంచీ రోజూ ఆ చివరిది ఆయనకే వదిలేస్తున్నాను. ఇప్పుడు నేను పూర్తిచేసేస్తే ఆయనకేం మిగుల్తుంది చెప్పు?"

"ఈ మాట పెదనాన్నకి చెబితే సరిపోయేదిగా!"

"మీ పెదనాన్న బంగారమే. కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చార్టు మానేసి ఇదే చదివిస్తాడు. జనం వెళ్ళి ఆ కిటికీ కింద చేరతారు. కండక్టర్ గారసలే మహా అభిమానస్తుడు. ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఆ ఒక్క స్వరం కూడా మింగేస్తాడని వాళ్ళావిడ భయం."

ఆ క్షణాన పెద్దమ్మ నాకెంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఆ వెంటనే నిచ్చెన గుర్తొచ్చింది.

సాయంత్రానికి పెదనాన్న ఊరంతా చాటింపు వేసేశాడు. సెలూన్ అతను షాపు కట్టేసి గుమ్మంలో నిలబడ్డాడు. బాల్కనీలన్నీ నిండిపోయాయి. ఎదురింటి తెర సగం వేసే ఉంది. పెద్దమ్మ జానెడు పిల్లనగోవిని చంకలోంచి తీసి, అందరినీ ఒకసారి చూసి, కళ్ళు మూసుకుంది.

అంత నెమ్మదిగా ఆవిడ ఊదడం నేనెన్నడూ వినలేదు. ఎప్పుడో దూరం వెళ్ళినవాళ్ళు తీరుబడిగా ఇంటికి నడిచి వస్తున్నట్టుంది ఆ పాట. సందు తిరిగింది, మెట్లెక్కింది, గుమ్మం దాకా వచ్చింది. ఆగిపోయింది.

పెద్దమ్మ కళ్ళు తెరిచి ఎదురింటి కిటికీ వైపే చూస్తోంది. అటునుంచి చప్పుడు లేదు. ఇంతమంది జనం ముందు ఆయన గొంతెత్తడని నాకర్థమైపోయింది. పెద్దమ్మ పిల్లనగోవిని ఒళ్ళో పెట్టేసుకుంది.

పెదనాన్న కుర్చీ చేతులు పట్టుకున్నాడు, వదిలాడు, లేచాడు. ఇంక ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. కిటికీలోంచి సగం మనిషి బయటికి వంగి, ఆ మిగిలిన స్వరాన్ని తనే అందుకున్నాడు.

పెదనాన్నకి పాట రాదు. రాదంటే మామూలుగా రాకపోవడం కాదు. చూరు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"త... తప్పు!"

ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు. ఎదురింటి తెర సర్రున పక్కకి జరిగింది. కండక్టర్ గారు నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది. వేలు తిన్నగా పెదనాన్న వైపు చూపిస్తోంది.

"తప్పు!" అన్నాడు మళ్ళీ, ఈసారి స్పష్టంగా. అని, తలెత్తి, ఆ స్వరం ఎలా ఉండాలో నిండుగా పాడి చూపించాడు. వీధి చివర వెళ్ళిపోతున్న బస్సు ఆగిందని సెలూన్ అతను ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. కండక్టర్ గారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా నిలబడింది. పెద్దమ్మ మాత్రం హాయిగా, పైకే ఏడ్చేసింది.

"ఆయన నన్నే అన్నాడా?" అన్నాడు పెదనాన్న.

"మిమ్మల్నే." పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని సంగతంతా చెప్పింది. పెదనాన్న విన్నాడు.

మర్నాడు నిచ్చెన రాలేదు. పెదనాన్నే దుకాణం పెందలాడే కట్టేసి వచ్చి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పెద్దమ్మ ఊది ఆపేది, పెదనాన్న అందుకునేవాడు, ఎదురింటి నుంచి దెబ్బలాట మొదలయ్యేది. కావాలనే తప్పు పాడుతున్నాడని వీధిలో అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. పాపం, ఒప్పు పాడటం ఆయన చేతుల్లో ఉంటే కదా! కండక్టర్ గారి మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మొదట "కాదు" వచ్చింది, తర్వాత "ఇంకా పైకి" వచ్చింది, "నీ మొహం" వచ్చిన రోజున పెదనాన్న దుకాణంలో అందరికీ చెప్పుకున్నాడు.

వానలు తగ్గాక ఒక సాయంత్రం ఎదురు కిటికీలోంచి తడబాటు లేకుండా వినబడింది.

"ఆపవయ్యా బాబూ! ఆవిడ పాట ఖూనీ చెయ్యడానికేనా నువ్వు పుట్టిందీ?"

పెదనాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"విన్నావుటే? ఎంత చక్కగా తిట్టాడో!" అన్నాడు పెద్దమ్మతో. "రేపు కాస్త పెద్ద పాట ఊదు. ఆయన మనసులో ఇంకా చాలా ఉన్నట్టుంది."