ఎర్రబడ్డ చామంతి

నిన్న నేను జేసిన పని వింటే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఏం కాదు. నాకే ఇంక నవ్వొస్తలేదు.

మా బాపు పోయి నెల గూడ కాలే. ఆయన రేకుపెట్టెల కొన్ని పూల బొమ్మలున్నయి. బాపు వాళ్ల తాత నిజాం కాలంల హైదరాబాద్‌ల ఒక నవాబు తోటల మాలి. పూసిన పువ్వును ముందట పెట్టుకొని నీళ్ల రంగులతోని కాయితం మీదికి దించేటోడు. పువ్వొక్కటే గాదు, ఆకు, మొగ్గ, వేరు, గింజ అన్నీ. బంతి, మందారం, గన్నేరు, చామంతి. వాటిల్ల చామంతి అంటే బాపుకు పానం.

మొన్న సాయంత్రం పోచంపాడ్ నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. బాపుకు అక్క.

"రేపు పొద్దుగాల బస్సుకొస్తున్న కొడుకా. చామంతి బొమ్మ తీసి పెట్టు. చిన్నప్పుడు నేను, మీ బాపు దాని ముందట కూసొనే అన్నం తినేటోళ్లం. ఒక్కసారి చూసుకుంట."

నిన్న లేవంగనే తీసి చూస్తే బూజు మచ్చలు. గిట్ల ఎట్ల చూపెడ్త అనుకొని తడి బట్టతోని జర తుడిచిన. మచ్చ పోలే, చామంతి పోయింది. ఎప్పటి కాలం రంగో, అంతా బట్టకొచ్చింది.

అయినా నేను ఆర్మూర్ మార్కెట్‌ల పసుపు దుకాణంల పని చేసేటోన్ని, ఇంట్ల పసుపుకేం తక్వ? నీళ్లల్ల కలిపి, మా బిడ్డ బ్రష్ తీస్కొని ఒక్కో రెక్క నింపిన. నిజం చెప్తున్న, మంచిగనే అయింది. కానీ ఒక బొట్టు పక్కకు కారింది. దాన్ని తీద్దామని సబ్బునీళ్లు అద్దిన. చూస్తుండంగనే ఆ బొట్టు, పక్క రెక్కలు, ఆఖరికి పువ్వంత ఎర్రగైంది.

మా ఇంటామె వచ్చి చూసింది. "సబ్బు తాకితే పసుపు ఎర్రగైతదని బట్టలు ఉతికేటోళ్లందరికి తెల్సు. ఇన్నేండ్లు పసుపు దుకాణంల ఏం జేసినవ్?" అన్నది.

అంతల్నే అత్త ఆటో దిగింది. బొమ్మ చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పిన. ఆమె కిటికీ కాడికి పోయి చానసేపు చూసింది. తిడితే బాగుండు అనిపించింది. తిట్టలే.

"గిది చూస్తే తమ్ముడు నా పక్కన కూసున్నట్టే ఉంటదనుకున్న కొడుకా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్సింది.

నాకు గూడ ఏడుపు ఆగలే. చేతుల ఉన్న బట్టతోనే మొఖం తుడ్సుకున్న. పసుపు చేతులు తుడుసుకున్న బట్ట అది. అత్త తలెత్తి నన్ను చూసి, "పెండ్లిపిల్లగాని లెక్క అయినవ్ రా" అని నవ్వింది. నవ్వుకుంటనే మళ్ల ఏడ్సింది.

పోయేటప్పుడు మిగిలిన బొమ్మలు సంచిల పెట్టుకున్నది. "నీ తాన ఉంటే గన్నేరు గూడ మిగలదు" అన్నది. చామంతి ఒక్కటి నాకు విడిచిపెట్టింది.

బాపు ఉంటే ముందుగాల మస్తు తిట్టేటోడు. ఆ తర్వాత గిదే చాయ్ కాడ కూసొని అందరికి చెప్పి నవ్వించేటోడు. నా పిచ్చిపనులన్ని ఆయన నోటనే ఊరికి తెల్సేటివి. ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సొస్తున్నది. ఆయన చెప్పినంత మంచిగ నాకు వస్తలేదు.