మైలవరం పేరుతో వచ్చిన బావురు పిల్లి

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. గట్టు మీద చచ్చిపడి ఉన్న మచ్చల జంతువు, కింద ‘మైలవరం కొండల్లో చిరుతపులి పిల్ల’ అన్న రాత. పటమటలో ఇంటర్ పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా జువాలజీ చెబుతున్నాను కాబట్టి అది చిరుత కాదని చూడగానే తెలిసింది. తోక పొట్టి, చెవులు గుండ్రం, నుదుటి నుంచి మెడ మీదికి నల్లటి చారలు. అది బావురు పిల్లి, నీళ్లలోకి దూకి చేపలు పట్టే రకం. ఏడాది పొడవునా నీళ్లు, దాక్కోవడానికి జమ్ము, తినడానికి చేప, ఈ మూడూ ఉన్నచోటే అది బతుకుతుంది. మా వైపు ఆ మూడూ కలిసి దొరికేది కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల్లోనూ, వాటి చుట్టుపక్కల మురుగు కాలవల్లోనూ. మామిడి తోటలూ ఎండిన గుట్టలూ ఉండే మైలవరంలో దానికేం పని? ఫోటో పెద్దది చేసి చూస్తే వెనకాల ఉప్పు పేరుకున్న మట్టి, చేపల చెరువులో నీళ్లకు గాలి పట్టించడానికి తిప్పే ఏరేటర్ చక్రం అంచు కనిపించాయి. ఎవరో కావాలనే ఊరు మార్చారు. ఫోటో పెట్టిన లెక్చరర్‌ని అడిగితే, నాగాయలంక వైపు చెరువులున్న బంధువు పంపాడని చెప్పింది. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులక్కర్లేదు. ఉయ్యూరు, చల్లపల్లి మీదుగా ఎనిమిదిన్నరకు దిగి, ఇడ్లీ తిని, సాయంత్రం వరకు ఆటో మాట్లాడుకున్నాను. ఎనిమిది వందలు. డ్రైవరు శ్రీనుకి యాభై దాటి ఉంటాయి. నాగాయలంక దాటేసరికి వరిచేలు పోయి చెరువులు మొదలయ్యాయి, గాలిలో ఉప్పువాసన తగిలింది. బావురు పిల్లి ఎక్కడైనా కనపడుతుందా అని అడిగాను. అతను అద్దంలో నన్ను చాలాసేపు చూశాడు.

“మీరు ఫారెస్టోళ్లాండీ?”

కాదు, పాఠాలు చెప్పుకునేదాన్ని అన్నాను. నమ్మినట్టు లేదు. టీ కోసం ఆగినప్పుడు దూరంగా వెళ్లి ఎవరికో ఫోన్ చేసి, నావైపు వీపు పెట్టి మాట్లాడాడు. అప్పటినుంచి అతను తిప్పిన ప్రతి మలుపూ నాకు అనుమానంగానే అనిపించింది.

ఫోటోలోలాంటి ఉప్పుమట్టి గట్టు మూడో ఊళ్లో దొరికింది. నేను దిగిన ఐదు నిమిషాలకే చెరువు యజమాని బైకు మీద వచ్చేశాడు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, చాలా మర్యాద. కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చాడు. ఇక్కడేమైనా అడవి పిల్లులు తిరుగుతాయా అని మాత్రమే అడిగాను.

“మా వైపు అలాంటివి లేవండి. అవన్నీ మైలవరం కొండల్లో ఉంటాయంట గదా.”

నేను మైలవరం మాట ఎత్తనేలేదు. బొండాం తాగుతూ కిందికి చూశాను. తడిమట్టిలో గుండ్రటి అడుగులు, వాటి ముందు గోళ్ల గీతలు. మామూలు పిల్లి నడిస్తే గోళ్లు పడవు, బావురు పిల్లికి పూర్తిగా లోపలికి పోవు. గట్టు పొడవునా జానెడెత్తు కర్రలకు సన్నటి తీగ చుట్టి ఉంది. అదేమిటంటే పందుల కోసమన్నాడు.

అతను ఫోన్ మాట్లాడుతూ షెడ్డు వెనక్కి వెళ్లాక, పనివాళ్లకు వంటచేసే కోటేశ్వరమ్మ గిన్నెలు తోముతూనే, తల ఎత్తకుండా చెప్పింది. రాత్రిళ్లు ఆ తీగకు కరెంటు పెడతారట, గురువారం తెల్లారేసరికి పిల్లి దాని మీద చచ్చిపడి ఉందట. ఆడది. పాతిపెట్టేలోపు పనివాళ్లలో ఎవరో ఫోటో తీస్తే, అది బయటికి పోతుందేమోనని యజమానే ఊరు మార్చి ముందుగా బంధువులకు పంపాడట. దాని వెనకాల తిరిగే పిల్లలు రెండు ఇంకా జమ్ములోనే ఉన్నాయి. రోజూ తనే జిలేబి చేపల తలకాయలు అక్కడ పడేస్తోంది.

“ఫారెస్టోళ్లకి చెప్పబాకండమ్మా. కట్టమంది ఆయన, కట్టింది మా ఇంటాయన. లోపలికెళ్లేది ఎవరో మీకు తెలీదా?”

ఆమె నిజమే చెబుతోందా, మొగుణ్ని కాపాడుకోవడానికి యజమాని మీద పెడుతోందా అన్నది నాకు తేలలేదు. కానీ జమ్ములో పిల్లలున్నాయంటే, ఆ తీగ ఇంకో పూట ఉన్నా ప్రమాదమే.

యజమాని తిరిగి రాగానే దాచకుండా చెప్పాను. చచ్చింది ఇక్కడేనని నాకు తెలుసు, ఆ తీగ నా కళ్లముందే తీయించండి అన్నాను. ఆయన మొహం మారింది. నేను మాటలు రికార్డు చేస్తున్నానని అనుమానం. ఫోన్ తెరిచి చేతికిచ్చాను, అటూ ఇటూ తిప్పి చూశాడు. చేపలు పోతే నువ్విస్తావా అని ఏకవచనంలోకి దిగాడు. కొంచెంసేపటికి ఏమనుకున్నాడో, కోటేశ్వరమ్మ భర్తను పిలిచి తీగ చుట్టించాడు. గంట పట్టింది. చుట్టిన తీగ పారేయించలేదు, షెడ్డులో పెట్టించాడు. అది నేను చూశానని ఆయనా చూశాడు.

తిరుగుదారిలో శ్రీనుని అడిగేశాను. “ఫోన్ చేసింది నేనేనండి. కొత్తోళ్లు కనపడితే చెప్పమన్నారు. వాళ్ల చెరువులకి మేత తోలేది నా ఆటోనే మరి,” అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

సోమవారం అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, ఆ పరిసరాల్లో చెరువులకు కరెంటు తీగలు కడుతున్నారనీ, తల్లి లేని పిల్లలున్నాయనీ చెప్పాను. ఎవరి చెరువో చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో, ఇప్పటికీ నిర్ణయించుకోలేకపోతున్నాను. పది రోజుల తర్వాత, వచ్చేముందు నేనిచ్చిన నంబరుకు కోటేశ్వరమ్మ ఫోన్ చేసింది. జీపు వచ్చి గట్లన్నీ తిరిగి వెళ్లిందట, తీగ మళ్లీ కట్టలేదట. చిన్నది ఒకటి తలకాయలు తినడానికి వస్తోంది. రెండోది కనపడటం లేదు.

ఏ జంతువు ఎక్కడ ఉంటుందో క్లాసులో మ్యాపు మీద రంగు వేసి చూపిస్తాను. వాన, నేల, తిండి అని కారణాలు రాయిస్తాను. అవన్నీ నిజమే. కానీ మడలు కొట్టి చెరువులు తవ్విన చోట ఆ రంగు గీత ఎంతవరకు వస్తుందన్నది, ఒక మనిషి షెడ్డులోంచి తీగ బయటికి తీస్తాడా లేదా అన్నదాని మీద కూడా ఉంటుందని మా పాఠ్యపుస్తకాల్లో లేదు. ఆ ఊరి పేరు ఈ పోస్టులో ఎక్కడా రాయలేదు, కామెంట్లలో అడిగినా చెప్పను. మీరు అటు వెళ్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి: పిల్లి కనపడితే, ఫోటో తీసేముందు ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. మీరు ముచ్చటపడి పెట్టిన ఫోటో దాని చిరునామా అవుతుంది, ఆ చిరునామా ఎవరు వెతుకుతున్నారో మనకు తెలియదు.