పికప్పు ముక్కు సక్కజేసిన మూడు దినాలు

బుధవారం పొద్దున ఆరుంబావుకు గోదావరిఖని బస్టాండ్ల దిగిన. ఎండాకాలం. అంగి అప్పటికే వీపుకు అతుక్కున్నది. సామాను: కిట్ బ్యాగు ఒకటి, నీళ్ల సీసా ఒకటి, స్పిరిట్ లెవెల్ ఒకటి. స్పిరిట్ లెవెల్ అంటే మేస్త్రీలు గోడ మీద పెట్టి చూసే మట్టం కర్ర. నడుమ గాజు గొట్టంల బుడగ ఉంటది. బుడగ నడుమకొస్తే మట్టం, లేకుంటే వంకర. పద్దెనిమిదేండ్లు ఫౌజుల, అంటే మిలిటరీల, బండ్లు బాగుచేసి, హవల్దారుగ రిటైరైనోన్ని. ఆ బుడగను నమ్మినంత మనిషిని నమ్మలే.

మీరందరు నన్ను మంచుకొండల ముచ్చట చెప్పుమంటరు. అక్కడ నేను టైర్లు మార్చిన, చాయ్ తాగిన, అంతే. చెప్పుకోవాల్సిన పోస్టింగు ఇదే. మూడు దినాలు. ఇజ్జత్ మొత్తం పోయింది.

పిలిచింది నా బామ్మర్ది మల్లేశ్. వానికి ఒక పికప్పు ఉన్నది. బొగ్గు గనిల పంపులు రిపేరు చేసేటోళ్లను షిఫ్టుకు తీస్కపోతది, తీస్కొస్తది. వాని బతుకంత దాని మీదనే. మొన్న సేఫ్టీ ఆఫీసరు బండి ముంగట నిలబడి, తల ఓ పక్కకు వంచి చూసిండట. "కుడి దిక్కు ముక్కు వాలింది. ఒరిగిన బండి గనిలకు దిగొద్దు. శుక్రారం పొద్దున తొమ్మిదికి మళ్ల చూపియ్యి. సక్కగ లేకుంటే వేరేటోని బండి పెడ్త," అన్నడట. ఆ వేరేటోని బండి అప్పటికే కడిగి, నిమ్మకాయలు కట్టి, గేటు కాడ తయారున్నదట.

"బావా, ఇగ నువ్వే దిక్కు," అన్నడు మల్లేశ్. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"ఫికర్ చెయ్యకురా. ఫౌజ్ వచ్చింది," అన్న. గిసొంటి మాటలు నాకు బాగ వస్తయ్.

మల్లేశ్ ఇల్లు మూతబడ్డ పాత బాయి పక్కన బస్తీల. మేం బొగ్గు గనిని బాయి అంటం. వాకిట్ల వాళ్ల నానమ్మ నర్సవ్వ మంచం. మంచానికి కుడి దిక్కు కోళ్ల కింద గూనపెంకు ముక్కలు. ఇంట్ల బీరువా కింద చెక్క. తలుపు తీస్తే దానంతల అదే పడ్తది. కొత్త జాగకు పోంగనే నాలుగు దిక్కులు చూసుకోవాలె, ఫౌజుల రెక్కీ అంటరు. అన్ని చూసిన. ఒక్కటి అర్థం చేసుకోలే.

గల్లీ కొసకు మెకానిక్ యాకూబ్ భాయ్ షెడ్డు. ముప్ఫై ఏండ్ల చెయ్యి. జాకీ, పానాలు పట్టుకొని వచ్చిండు. "హవల్దార్ సాబ్, పహెలే టేపు పెడ్దాం. చక్రం నడిమి బొడ్డు నుంచి పైన మడ్గాడు అంచుదాక. రెండు దిక్కుల కొలిచి సమానం చేస్తే ఖతం."

"భాయ్, టేపుతోని ఏం తెలుస్తది? బుడగ చెప్తది," అని మట్టం కర్రను వాకిట్ల నిలిపిన పికప్పు బంపర్ మీద పెట్టిన. బుడగ ఎడమ కొసకు ఉరికింది. "చూసినవా? ఎంత వాలిందో!"

యాకూబ్ భాయ్ టేపు జేబుల పెట్టుకున్నడు.

పని ఏందో చెప్త. ఆ బండికి ముంగట స్ప్రింగులు లేవు. ఒక్కో దిక్కు చట్రం పొడుగునా ఇనుప కడ్డీ ఉంటది, టార్షన్ రాడ్డు. తడిబట్ట పిండినట్టు అది మెలిపడి బరువు మోస్తది. వెనక కొసకు ఒక బోల్టు. బిగిస్తే ఆ పక్క ముక్కు లేస్తది, వదిలిస్తే దిగుతది.

గురువారం ఆరింటికి మొదలుపెట్టినం. కుడి దిక్కు బోల్టు తుప్పు పట్టింది. డీజిల్ పోసి రెండు గంటలు కూసున్నం. ఎనిమిదిన్నరకు కదిలింది. జాకీ లేపుడు, ఒక చుట్టు తిప్పుడు, జాకీ దించుడు, బండిని ముందుకు వెనుకకు ఆడిచ్చుడు, బుడగ చూసుడు. ఆడియ్యకపోతే బండి బరువు సక్కగ కూసోదు.

ఏడో చుట్టుకు యాకూబ్ భాయ్ అన్నడు, "సాబ్, ఇంచు వాలిన బండికి గిన్ని చుట్లు పట్టయ్."

"పడ్తయ్," అన్న.

పదకొండు చుట్లు పట్టినయ్. పన్నెండు నలభైకి బుడగ నడుమకొచ్చింది. సెల్యూట్ కొట్టిన. మల్లేశ్ కోడిని కోసిండు.

నర్సవ్వ మంచం మీది నుంచి పిలిచింది. "బిడ్డా, ఆ కర్ర నా మంచం మీద గూడ పెట్టరాదు?"

"అవ్వా, నీ మంచానికి టార్షన్ రాడ్డు లేదు," అని నవ్విన. అందరు నవ్విండ్రు. యాకూబ్ భాయ్ నవ్వలే.

శుక్రవారం ఎనిమిదింబావుకు బయలెల్లినం. యాకూబ్ భాయ్ పిలువకుండనే జాకీ, పానా పట్టుకొని వెనుక ఎక్కిండు. స్టీరింగు ఎడమకు గుంజుతుంటె మల్లేశ్ నా దిక్కు చూసిండు. "రోడ్డే వంకరున్నదిరా," అన్న.

ఎనిమిదిన్నరకు గేటు. లోపల సాఫైన సిమెంటు గచ్చు మీద బండి ఆపినం. గేటు జవాను వాకీటాకీల కంట్రోల్ రూముకు చెప్పిండు.

"పికప్పు వచ్చింది సార్. ఓవర్."

"ఎటు ఒరిగింది? ఓవర్."

"మొన్న ఇటు సార్, ఇయ్యాల అటు. ఓవర్."

ఆఫీసరు వచ్చి తల ఈసారి రెండో పక్కకు వంచిండు. "మొన్నటి కంటె అన్యాయం గదయ్యా ఇది! తొమ్మిది దాటితే ఆ నిమ్మకాయల బండే."

బంపర్ మీద కర్ర పెట్టిన. బుడగ కుడి కొసకు పోయి దాక్కున్నది. మల్లేశ్ గచ్చు మీదనే కూలబడ్డడు. నాకు భూమి చీలితే బాగుండనిపిచ్చింది. టైం ఎనిమిది ముప్ఫై ఆరు.

యాకూబ్ భాయ్ టేపు చాపిండు. "సాబ్, గీ గచ్చు మట్టంగున్నది."

బండి కిందికి దూరిన. ఎనిమిది చుట్లు వెనుకకు. జాకీ దించినం, బండిని ఆడిచ్చినం, భాయ్ కొలిచిండు. కుడి, ఎడమ ఒక్కటే కొలత. ఎనిమిది యాభై ఎనిమిది. ఆఫీసరు తల అటు వంచిండు, ఇటు వంచిండు, ఆఖరుకు సక్కగ పెట్టిండు. సంతకం చేసిండు. మల్లేశ్ ఆయన కాళ్లు మొక్కబోయి నా కాళ్లు మొక్కిండు. భాయ్‌ని చూపిచ్చిన.

"ఎటు ఒరిగింది? ఓవర్," వాకీటాకీల మళ్ల అడిగింది కంట్రోల్ రూము.

"ఎటూ లేదు సార్. ఓవర్."

చాయ్ హోటల్ల భాయ్‌ని అడిగిన. "తప్పు నాదే. గానీ, ఆ వాకిలే వంకరున్నదని నీకు ఎర్కనేనా?"

"బస్తీ మొత్తానికి ఎర్కనే సాబ్. కింద పాత బాయి, పైన నేల కుంగుతది."

"మరి చెప్పొద్దా?"

"ఇంటల్లునికి మీ అత్తగారి వాకిలి వంకర అని ఎవడు చెప్తడు సాబ్? పైగ ఫౌజీ."

నాలుగింటి బస్సుకు పోయే ముందు వాకిట్ల కర్రను నేల మీద పెట్టిన. బుడగ ఎడమకు ఉరికింది. సిగ్గుతోని పోయి, నర్సవ్వ మంచం పట్టె మీద అడ్డంగ పెట్టిన. బుడగ ఠక్కున నడుమ ఆగింది. ఇంత గూడ కదల్లే.

"ఎవలు కట్టిండ్రవ్వా ఈ మట్టం?"

"నేనే. గిలాసల నీళ్లు పోసి చూసుకుంట," అన్నది. "మీ తాత ముప్ఫై ఏండ్లు గీ కిందనే బొగ్గు తవ్విండు. బొగ్గు పోయింది, ఆయన పోయిండు. ఇల్లు ఏటికింత ఆయన దిక్కే కుంగుతున్నది. నేను ఇంత పెంకు ముక్క పెట్టుకుంట, ఆగుతున్న."

"ఎందుకవ్వా?"

"మనుమనికి ఇంక పెండ్లి గాలే గద. ఆయనను జర ఆగుమన్న."

మట్టం కర్ర ఆమె దగ్గరనే ఇడిచి బస్సెక్కిన. ఇప్పటికీ కండ్లు మూస్తే మంచు కనవడదు, తుపాకి కనవడదు. నులక మంచం, మూడు పెంకు ముక్కలు, నడుమ ఆగిన బుడగ కనవడ్తయ్.