శనివారం, ఆంటీ గరాజ్ ముందు

గురువారం మధ్యాహ్నం మా ఆంటీ పోయారు. ఈ వాక్యం రాసి చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చున్నాను. ఆ పొద్దున్నే మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆవిడ గొంతు విన్నాను: "శనివారం అందరూ నీళ్ళ బాటిళ్ళు తెచ్చుకోండమ్మా, ఎండలు ముదిరిపోయాయి." మధ్యాహ్నానికి స్నేహితురాలి ఫోన్. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కారు డోర్ తీస్తూ కూలిపోయారట. గుండె ఆగిందట. "ఏ ఆంటీ?" అని అడిగాను. ఉత్తినే ఆంటీ అంటే మాకు ఆవిడ ఒక్కరే. అయినా అడిగాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. అరిజోనా చాండ్లర్‌లో మా తెలుగు చర్చికి వచ్చేవారు, కాకినాడ మనిషి. అంకుల్ ఉద్యోగం హోనోలులులో ఉన్నన్నాళ్ళూ అక్కడొక పెద్దావిడ దగ్గర హులా నాట్యం నేర్చుకున్నారు. హవాయిలో గురువుని కుమూ అంటారు. మేం ఆంటీని అలా పిలిస్తే ఒప్పుకునేవారు కాదు. "కుమూ అక్కడున్నారు. ఆవిడ నేర్పమన్నారు కాబట్టి నేర్పుతున్నా. నేను మీ ఆంటీనే."

క్లాసు వాళ్ళ గరాజ్‌లో. శనివారం పొద్దున్నే అంకుల్ కారు తీసి వీధిలో పెట్టేవారు. మేం మూసి ఉన్న గరాజ్ తలుపు ముందు నిలబడి, లోపలికి రావచ్చా అని హవాయి భాషలో పాడాలి. రమ్మని లోపల్నుంచి జవాబు పాట వస్తేనే అడుగు పెట్టాలి. అది అక్కడి పద్ధతి. ఎడారి ఎండలో తెలుగు ఆడవాళ్ళు తలుపుకి పాడుతుంటే, కుక్కల్ని తిప్పుకునే పొరుగువాళ్ళు ఆగి మరీ చూసేవారు. నీరసంగా పాడామా, లోపల్నుంచి ఒకటే కేక: "వినబళ్ళేదు!" బాగుంటే జవాబు పాడి బటన్ నొక్కేవారు. తలుపు గడగడలాడుతూ లేచేది. ముందు ఆవిడ పాదాలు కనబడేవి, తర్వాత పూల గౌను, చివరికి నవ్వు.

నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నదాన్ని, అడుగేస్తే నేల అదరాల్సిందే. "నేలనెందుకమ్మా అలా కొడతావు? నిన్నేం చేసింది?" అనేవారు. చర్చిలో ఒకావిడ "ఈ వయసులో నడుం ఊపడం ఏంటి వదినా" అంది. "నువ్వు మోకాళ్ళు వంచు వదినా, నడుం సంగతి అదే చూసుకుంటుంది" అని ఆంటీ అక్కడే, కాఫీ కప్పు చేతిలో ఉండగానే, వంచి చూపించారు.

ఒకసారి ఎవరో ఫోన్ చేసి, బర్త్‌డే పార్టీలో ప్లాస్టిక్ దండలు వేసుకుని ఆడమన్నారు. డబ్బులూ ఇస్తామన్నారు. "మనం అడిగి తెచ్చుకున్నదమ్మా ఇది. ఆటవస్తువు కాదు" అని ఫోన్ పెట్టేశారు. పాటలో మాటకి అర్థం తెలిసేదాకా మా చెయ్యి కదలనిచ్చేవారు కాదు. వాన అని తెలియకుండా వేళ్ళు దించితే అది వానెలా అవుతుందని అడిగేవారు.

నాకింకా ఏడుపు రాలేదు. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు. ఇకమీదట మేం ఆడొచ్చా? లోపలికి రమ్మని ఎవరు పాడతారు?

శనివారం ఎవరం ఎవరికీ ఫోన్ చేసుకోలేదు. అయినా అందరం వచ్చేశాం, నీళ్ళ బాటిళ్ళతో సహా. అంత్యక్రియలు ఇంకా కాలేదు. మూసిన తలుపు ముందు పాడాం. నీరసంగానే పాడాం. లోపల్నుంచి జవాబు రాలేదు. "వినబళ్ళేదు" అంటారేమోనని నిజంగానే ఎదురుచూశాను. మళ్ళీ పాడాం, ఈసారి గట్టిగా.

తలుపు కదిలింది. ముందు టైర్లు కనబడ్డాయి.

స్టోర్ దగ్గర్నుంచి ఆవిడ కారుని ఎవరో తెచ్చి లోపల పెట్టినట్టున్నారు. దాని పక్కన అంకుల్, బటన్ మీంచి చెయ్యి తియ్యకుండా నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూశారు, బాటిళ్ళని చూశారు.

"శనివారం కదమ్మా," అన్నారు. "కారు తియ్యడం మర్చిపోయా."

తాళాలు తెచ్చుకుని ఎక్కారు. మేం రెండు పక్కలకీ జరిగాం. కారు మా మధ్యనుంచి వెనక్కి, నెమ్మదిగా వీధిలోకి వెళ్ళి ఆగింది. గరాజ్ ఖాళీగా ఉంది. ఎవరూ లోపలికి అడుగు వెయ్యలేదు. అంకుల్ కారు దిగలేదు. ఇంజన్ ఆపి, కిటికీ అద్దం దించారు.

మేం మళ్ళీ పాడడం మొదలుపెట్టాం.